రేడియో విన్న సగం మాట

లంచ్ బెల్ మోగగానే బడి మైకు గరగరమంది.

"శ్రోతలకు నమస్కారం! ఇప్పుడే అందిన వార్త. మన ఫుట్‌బాల్ టీమ్ గోల్‌కీపర్ రేపటి నుంచి బడి మానేస్తున్నట్టు తెలిసింది!"

చదివింది ఆరో తరగతి అమ్మాయి. అందరూ ఆమెను రేడియో అనే పిలుస్తారు. బడిలో చీమ చిటుక్కుమన్నా ముందు తనకే తెలియాలి. ఇక గోల్‌కీపర్ పేరు గోడ. బంతి అతన్ని దాటి పోదు, అందుకని.

మిగతా వార్తలు కూడా చదివేసి రేడియో కాలరెగరేసుకుంటూ మైకు గదిలోంచి బయటికొచ్చింది. గుమ్మం ముందే గోడ నిలబడి ఉన్నాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఏయ్, నేను బడి మానేస్తున్నానని నీకెవరు చెప్పారే?"

"ఒకరు చెప్పేదేంటి? నేనే కనిపెట్టా!"

"గొప్పగా కనిపెట్టావులే! కెప్టెన్ నా గ్లవ్స్ లాగేసుకున్నాడు. మానేసేవాడికి ఫైనల్ ఎందుకన్నాడు. సాయంత్రం నా బదులు వాళ్ళ తమ్ముణ్ణి దింపుతాడట!"

రేడియో ఒక్క అడుగు వెనక్కేసింది. అయినా తగ్గలేదు.

"పొద్దున మీ నాన్న హెడ్‌మాస్టర్ గదిలో ఉన్నారు. 'వీణ్ణి రేపట్నుంచి మాన్పించేస్తా సార్' అన్నారు. ఈ చెవులతో విన్నా!"

"ఏం మాన్పిస్తానన్నారు?"

"అదే... బడి."

"బడి అన్నారా?"

రేడియో ఎంత గుర్తు చేసుకున్నా ఆ మాట విన్నట్టు లేదు.

"అనలేదు. అది... నేనే అనుకున్నా."

"మరి 'తెలిసింది' అని చదివావేం?"



గోడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నేను చాక్‌పీసులు తింటున్నా. అందుకే నాన్నని పిలిపించారు. ఆ అలవాటే మాన్పిస్తానన్నారు. చాలా? పో, ఇది కూడా మైకులో చదువు!"

రేడియోకి నవ్వు తన్నుకొచ్చింది. గోడ చాక్‌పీసులు నమలడం! ఈ వార్త చదివితే బడంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంది. పైగా ఇది నిజం కూడా!

గోడ చటుక్కున తల తిప్పుకుని చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. రేడియో నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. మరుక్షణం ఆమె మైకు గదిలోకి పరుగెత్తింది.

"శ్రోతలారా, ఇందాకటి వార్త తప్పు. నేను సగం మాట విన్నాను. మిగతా సగం ఊహించాను. రెండూ కలిపి 'తెలిసింది' అని చదివేశాను. గోడ ఎక్కడికీ పోవడం లేదు. ఫైనల్లో గోల్ దగ్గర ఉండాల్సింది అతనే. తప్పు నాది. గోడా, సారీ!"

మైకు ఆపి తిరిగి చూస్తే కిటికీకి అతుక్కుని డజను మొహాలు. అందరికంటే ముందు కెప్టెన్, చేతిలో గ్లవ్స్‌తో.

"అయితే అసలు సంగతేంటే? నీకు తెలిసే ఉంటుంది. చెప్పవే రేడియో!"

తెలుసు. ఈసారి నిజంగానే తెలుసు. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"అది వార్త కాదు," అంది రేడియో, కిటికీ రెక్క మూసేస్తూ. "ముందు పోయి వాడి గ్లవ్స్ వాడికిచ్చెయ్!"