దిగుడుబావిలో తలకాయ

విజయనగరంలో గంటస్తంభం దాటి నాలుగడుగులేస్తే ఒక సందు, ఆ సందు చివర ఒక పాత సత్రం ఉండేది. దానికి చెడ్డపేరు తెచ్చింది నల్లులు కాదు. నల్లులు లేని సత్రం ఎక్కడుంది గనక? పెరట్లో ఉన్న దిగుడుబావి.

తెల్లారగట్ల, ఇంకా చీకటి విడవక ముందు, ఆ బావిలోంచి మూలుగు వస్తుందని చెప్పుకునేవారు. మామూలు మూలుగు కాదు. అడుగున మొదలై... మెట్లెక్కి... పైకొచ్చి... సత్రం దూలాల మీద కూర్చునేదట. ఒక పాలవాడు ధైర్యం చేసి తొంగిచూశాడు. నీళ్ళ మీద తలకాయ ఉంది. ఒట్టి తలకాయే — కింద మనిషి లేడు! పాలబిందె అక్కడే పారేసి పారిపోయినవాడు, దాన్ని తెచ్చుకోడానికి పట్టపగలు కూడా ఆ పెరట్లో అడుగుపెట్టలేదట.

ఈ సంగతేమీ తెలీకుండా ఆ సత్రంలో దిగింది దాలమ్మ.

దాలమ్మది శ్రీకాకుళం అవతల సముద్రం ఒడ్డున ఒక పల్లె. నలభై అయిదేళ్ళ మనిషి. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఆమదాలవలస దాకా వెళ్ళి అమ్ముకొచ్చేది. అక్కడ రైలును ఎన్నోసార్లు చూసింది గానీ ఎక్కింది లేదు. పందొమ్మిదివందల అరవై తొమ్మిదిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి, గంప కిందికి దించి తోడికోడలు గురమ్మతో అంది:

"ఒసే, ఈ రైలు ఎక్కడికెల్తాదో సూసొద్దాం రాయే. రెండ్రోజులు. బతికుండగా ఒక్క పట్నమేనా సూడాల."

"మరి సేపలో?"

"సేపలెక్కడికీ పోవు. ఎండిపోయే ఉన్నాయి."

అలా వచ్చారు. కోట చూశారు. గుమ్మం కింద నిలబడి పైకి చూసి చూసి దాలమ్మకి మెడ పట్టేసింది. పైడితల్లమ్మకి కొబ్బరికాయ కొట్టారు. కాఫీ హోటల్లో కుర్చీల మీద కూర్చున్నారు. గురమ్మ కాళ్ళు కూడా కుర్చీ మీదకే లాక్కుని, పకోడీల పొట్లం ఒక్కతే ఖాళీ చేసేసింది. గంటస్తంభం గంట కొట్టినప్పుడల్లా దాలమ్మ ఆగిపోయి, "ఈ ఊరోలికి పొద్దు సూసి టైము తెలీదేటే?" అని జాలిపడింది.

చీకటి పడ్డాక సత్రం కాపలా జోగయ్య లాంతరు పట్టుకొచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మా... తెల్లారేదాకా పెరట్లోకి ఎల్లకండి."

"ఏటున్నాది?"

"బాయిలో... తలకాయ."

గురమ్మ దుప్పటి ముసుగు తన్నేసింది. దాలమ్మ మాత్రం నవ్వింది.

"తలకాయొక్కటేనా? కాళ్ళు నేవు గదా! మన ఎనకాల ఎలాగొస్తాది?"

చేపల వేటకెళ్ళే ఊళ్ళో పుట్టిన మనిషికి మూడో జాము దాటాక నిద్రుండదు. దాలమ్మ లేచేసరికి గురమ్మ నాలిక పిడచగట్టి మూలుగుతోంది. కుండ తడిమితే చుక్క లేదు. పకోడీలు చేసిన పని.

దాలమ్మ చెంబు తీసుకుంది.

పెరట్లో మంచు. అరిగిపోయిన చంద్రుడు. బావి మెట్లు పాచి పట్టి జారుతున్నాయి. ఒకటి... రెండు... మూడు...

అప్పుడొచ్చింది మూలుగు.

నీళ్ళలోంచి లేచి మెట్టు మెట్టూ ఎక్కి ఆమె దాకా వచ్చింది. దాలమ్మ గోడ పట్టుకుంది. కిందికి చూసింది.

నల్లటి నీళ్ళు. వాటి మీద — తలకాయ. కళ్ళు మూసుకుని ఉంది. పొడుగాటి జుట్టు విడిపోయి నీళ్ళంతా పరుచుకుంది.

చెంబు జారి మెట్టు మెట్టుకీ మోగుతూ వెళ్ళి నీళ్ళలో పడింది. మూలుగు ఆగిపోయింది. తలకాయ కళ్ళు తెరిచింది.

దాలమ్మ నోట్లోంచి వచ్చింది కేక కాదు.

"మావా...?"

దాలమ్మ మొగుడు లక్ష్ముడు ఆరేళ్ళ కిందట వేటకెళ్ళాడు. తెప్ప విరిగి ఒడ్డుకొచ్చింది, మనిషి రాలేదు. శవమూ రాలేదు. వాడిదీ ఇలాగే పొడుగు జుట్టు. పల్లెలో అందరూ మరిచిపోయారు గానీ, దాలమ్మ ఏ నీళ్ళు చూసినా ఒకసారి ఆ చివరిదాకా చూసేది.

"నువ్వేనా మావా?"

తలకాయ పెదాలు వణికాయి.

అంతే, దాలమ్మ భయం ఎటు పోయిందో పోయింది. ఆరేళ్ళ కోపం ఒక్కసారి పైకొచ్చింది.

"పలకవేటి? ఆ పొద్దున నానేటి సెప్పాను? గాలి మారినాది, ఎల్లొద్దన్నానా నేదా? 'ఆడదానివి, గాలి సంగతి నీకేటి తెలుసు' అన్నావు! ఇప్పుడు తెలిసినాదా? గంజైనా తాగకుండా ఎలిపోయావు. ఆ గంజి మూడ్రోజులు అనాగే ఉంచాను, వస్తావని! సముద్రంలో పోయినోడివి... ఈ మంచినీళ్ళ బాయిలో తేలావేటి? ఇల్లు మరిసిపోయావా?"

ఆమె మెట్టు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది.

బావిలోంచి... పళ్ళు టకటకా కొట్టుకుంటున్న చప్పుడు.

"అ... అమ్మా... నువ్వు దెయ్యానివి కావు గదా?"

దాలమ్మ తలెత్తింది. అది లక్ష్ముడి గొంతు కాదు.

"నాను దెయ్యాన్నేటి? తలకాయొక్కటే ఉన్నది నీకు!"

"లేదమ్మా! తక్కినదంతా నీళ్ళలో ఉంది. నేను గణపతిరావుని, హరికథలు చెప్పుకునేవాణ్ణి. గొంతు జీరబోయింది. పోయినేడు కథ మధ్యలోనే జనం లేచిపోయారు. రథసప్తమికి అరసవల్లిలో మళ్ళీ చెప్పాలి. పీకలోతు నీళ్ళలో నిలబడి సాధన చేస్తే గొంతు తిరిగొస్తుందని మా గురువుగారు అనేవారు. నెల్లాళ్ళ నుంచీ కూలిన గోడవైపు నించి వచ్చి దిగుతున్నాను." ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఈ బావిలో ఏదో మూలుగుతుందని ఊరంతా అంటూనే ఉంది. నేనే నమ్మలేదు. తీరా నిన్ను చూశాక..."

"మూలిగేది తమరే గదా బాబూ!"

గణపతిరావు భాగవతార్ ఆ చలిలో కూడా నిటారుగా నిలబడ్డాడు.

"మూలుగా? అది కాంభోజి రాగం!"

దాలమ్మకి నవ్వు రాబోయి, ఏడుపు అడ్డొచ్చి, రెండూ కలిసి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

ఆయన కాస్త తగ్గి, "అమ్మా... కొంచెం అటు తిరిగితే పైకొస్తాను. గోచీతో ఉన్నాను. నువ్వు తిడుతున్నంతసేపూ ఇలాగే నిలబడిపోయాను" అన్నాడు.

ఆమె అటు తిరిగింది. ఆయన పైమెట్టు మీద పెట్టిన కండువా కప్పుకుని, రెండు మెట్లు ఎడంగా కూర్చున్నాడు.

"నేనేదో మీ ఆయన్నన్నట్టు అన్నీ వినేశాను. తప్పు."

"పోనీ బాబూ. ఆరేళ్ళ నుంచీ ఎవలూ ఇననేదు. తమరిన్నారు." ముక్కు తుడుచుకుంది. "తమ పాట కూడా అనాగే గదా, అందరూ పారిపోడమే. పాడండి. నానింటాను."

ఆయన పాడాడు. గొంతు రెండుచోట్ల చీలింది. మూడోచోట నిలబడింది. సత్రం లోపల జోగయ్య తలుపు గడియ రెండోసారి బిగించాడు. గురమ్మ దాహం సంగతే మరిచిపోయి మంచం కింద దూరింది.

పాట అయిపోయాక భాగవతార్ బెరుగ్గా అడిగాడు.

"ఎలా ఉందమ్మా?"

దాలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని, అబద్ధమాడటం చేతగాని మనిషి గనక, కాస్త ఆలోచించి చెప్పింది.

"మూలుగునాగే ఉన్నాది బాబూ. కానీ... ఇంకోపాలి మూలగండి."