పాటల గదికి కొత్త ఎర్త్

"కరెంటు మారిస్తే పాట మారుతుందట్రా? నీ పిచ్చి గానీ!" అని ఇంటాయన నవ్వుతున్నా, ఎలక్ట్రీషియన్ పనిముట్ల సంచీ దించాడు.

ఆ ఇంటాయన అతని అక్క మొగుడు. అక్క పోయి ఏళ్ళయింది. ముందుగదంతా బావ పాటల సామానే: ఆంప్లిఫయరు, టేప్ రికార్డరు, మనిషంత ఎత్తు స్పీకర్లు. ఎన్ని మార్చినా వెనకాల ఒక గురగుర మాత్రం వదల్లేదు. అక్క గొంతున్న టేపు ఒక్కటే మిగిలింది. పెళ్ళైన కొత్తలో పాడింది. పాటయ్యాక ఏదో మాట అంటుంది, అది ఆ గురగురలో కలిసిపోతుంది. ఆ మాట వినాలని తమ్ముడికి ప్రాణం కొట్టుకుంటోంది. అందుకే, బావ వద్దన్నా వినకుండా ఈ పని తనే నెత్తినేసుకున్నాడు.

మీటరు దగ్గర్నుంచి పాటల గదికి విడిగా లావుపాటి లైను లాగాడు. ఇక మిగిలింది ఎర్త్, అంటే నేలలోకి రాగి కడ్డీ దించి దానికి వైరు కలపడం.

"గురగురకి మందు అదే బావా. కడ్డీకి తడి నేల కావాలి. నీ పెరడంతా రాయే. ఆ పూడ్చిన బావి దగ్గరే మెత్తగా ఉంది."

బావ ముఖం పాలిపోయింది. "ఎక్కడైనా వెయ్యి. అక్కడ మాత్రం వద్దు."

పాపం, ఇంకా మర్చిపోలేదనుకున్నాడు తమ్ముడు. అక్క పడింది ఆ బావిలోనే. తాడేసి లాగుతుంటే తెగిపోయిందని బావ అందరి ముందూ గుండెలు బాదుకుని ఏడ్చాడు. శవాన్ని తీసిన మర్నాడే బావి పూడ్పించేశాడు.

బావ టీ పెట్టడానికి లోపలికెళ్ళాడు. విన్నాక తనే మెచ్చుకుంటాడులే అనుకుని అతను వైరు బిగించిన రాగి కడ్డీ అక్కడే దించాడు. సుత్తి దెబ్బ అక్కర్లేకపోయింది. లోపలెవరో అందుకున్నట్టు జారిపోయింది.

మబ్బు కమ్మిన సాయంత్రం. అక్క టేపు పెట్టి స్విచ్ వేశాడు.

గురగుర లేదు. అంత నిశ్శబ్దం ఆ గదిలో ఎప్పుడూ లేదు. ఎక్కడినుంచో నాచు వాసన వచ్చింది. పాట మొదలైంది, అక్క పక్కన కూర్చుని పాడుతున్నంత దగ్గరగా. తమ్ముడి కళ్ళు చెమర్చాయి. పాట అయిపోయింది. ఊపిరి పీల్చిన చప్పుడు...

"ఏమండీ... తాడు వేయండి."

టీ తెచ్చిన బావ చేతిలో గ్లాసు జారి పగిలింది. "ఎర్త్ ఎక్కడ వేశావురా?" అన్నాడు గుసగుసగా.

తమ్ముడు మెయిన్ ఆపేశాడు. దీపం ఆరింది. టేపు ఆగింది.

గొంతు ఆగలేదు.

"తాడు వేయండి... చేతులు జారిపోతున్నాయి..."

అతను పెరట్లోకి పరుగెత్తాడు. ఎర్త్ వైరు బిర్రబిగిసి ఉంది. పట్టుకుని లాగాడు. కదిలింది. బరువు... మనిషి బరువు.

"అక్కా! బావా, నువ్వూ పట్టుకో! వస్తోంది!"

బావ వచ్చి వెనక నిలబడ్డాడు. మట్టి ఉబ్బింది. పగుళ్ళిచ్చింది. ఇంకొంచెం... ఇంకొక్క లాగు...

టక్.

అతను వెల్లకిలా పడ్డాడు. తెగిన వైరు కొస సర్రున మట్టిలోకి పోయింది. ఉబ్బిన నేల మెల్లగా కిందికి దిగింది.

కరెంటు లేని ఇంట్లోంచి మళ్ళీ అదే గొంతు. అరుపు కాదు, నిష్ఠూరం.

"ఈసారి కూడా కోసేశారా?"

తమ్ముడు వెనక్కి తిరిగి చూశాడు. ముందుగదిలో వదిలేసిన తన కటింగ్ ప్లయరు బావ చేతిలో ఉంది.

"తాడు తెగిపోయిందనే కదా బావా చెప్పావు?"

బావ ఇంటివైపే చూస్తున్నాడు. లోపల పాట మళ్ళీ మొదలైంది. ఈసారి ముందుగదిలోంచి కాదు. వంటింట్లోంచి.

వంటింట్లో స్పీకర్లు లేవు.