ఆరో డబ్బా

"మీ ఇంట్లో నెల ఖర్చులకి బడ్జెట్ వేసుకుంటారా?"

"లేదండీ," అన్నాడు కొడుకు.

"వేసుకుంటాం," అన్నాడు తండ్రి.

రెండూ ఒకేసారి వచ్చాయి. గుమ్మంలో నిలబడ్డ సర్వే అమ్మాయి, ట్యాబ్ మీద పెట్టబోయిన వేలిని గాల్లోనే ఆపేసింది. బయట సన్నగా వాన పడుతోంది. ఆమె కళ్లద్దాల నిండా చినుకులు. పైగా అవి ఎడమవైపుకి కాస్త వాలి ఉన్నాయి. కళ్లద్దాల షాపులో పనిచేసే కొడుక్కి ముందు కనిపించేది అదే కదా.

"ఇంటికి ఒక జవాబే నొక్కాలి. మాట్లాడుకుని చెప్పండి, నాకేం తొందర లేదు."

"మాట్లాడుకునేదేముంది? కాగితం మీద మేమెప్పుడూ లెక్క రాయలేదు. లేదనే నొక్కండి."

"ఒరేయ్, మరి ఆ డబ్బాలేంట్రా?" అన్నాడు తండ్రి. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. ఆయన గొంతు ఇప్పటికీ వెనక సీటుదాకా వినిపిస్తుంది.

"డబ్బాలా?" ఆమె కనుబొమలు పైకి లేచాయి. కళ్లద్దాలు ఇంకాస్త జారాయి.

ఇక వంటగది చూపించక తప్పలేదు. స్టవ్ పైన అరలో ఆరు బిస్కెట్ డబ్బాలు ఉన్నాయి. ఐదింటికి చిన్న చిన్న చీటీలు అంటించి ఉన్నాయి. గుండ్రటి అక్షరాలు. సరుకులు, కరెంటు, మందులు, బస్సు, రిపేర్లు. ఆరోదానికి చీటీ లేదు.

"అమ్మవి," అన్నాడతను. "జీతం రాగానే వీటిలో పంచేది. అమ్మ పోయి పద్నాలుగు నెలలైంది. మేమూ అలాగే వేస్తున్నాం."

ఆమె చీటీ లేని డబ్బా మీద వేలు పెట్టింది. మెల్లగా అడిగింది. "ఇది దేనికి?"

తండ్రీ కొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"తెలీదమ్మా," అన్నాడు తండ్రి. "నెలకి మూడొందలు వేసేది. దేనికే అంటే నవ్వేది. ఏదో పెద్ద అవసరమే అయ్యుంటుందని మేం ముట్టుకోలేదు."

"దేనికో తెలీకుండానే పద్నాలుగు నెలలు వేశారా!"

"ఎవరికైనా సాయం చేసేదేమో," అన్నాడతను. "వాళ్లు ఇంకా ఎదురుచూస్తున్నారేమో. నాకు అదొక్కటే బెంగ."

ఆమె ఏ జవాబూ నొక్కకుండానే ట్యాబ్ మూసేసింది. "మళ్లీ వస్తాను."

"ఒక్క నిమిషం. అవి ఇలా ఇవ్వండి." కళ్లద్దాలు తీసుకుని, కాడని బొటనవేలితో సుతారంగా వంచి, చొక్కా అంచుతో తుడిచి ఇచ్చాడు. పెట్టుకుని చూసింది. అతన్నే, కొంచెం ఎక్కువసేపు.

మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

"అమ్మగారున్నప్పుడు నెలాఖరుకి ఆ డబ్బాలో ఏమైనా మిగిలేదా?"

"ఎప్పుడు మూత తీసినా ఖాళీయే."

"అమ్మగారు ఒక్కరే ఎక్కడికైనా వెళ్లేవారా?"

"ఇది కూడా సర్వేలో ఉందా అండీ?"

"లేదు. ఇది నా కోసం."

అతను తడబడి టీ పెట్టడానికి లేచాడు. స్టవ్ వెలిగించడం మాత్రం మర్చిపోయాడు.

శుక్రవారం ఆమె నేరుగా షాపుకే వచ్చింది. లెన్సు అరగదీస్తున్నవాడు మిషన్ ఆపి లేచి నిలబడ్డాడు.

"మీ చొక్కా భుజాల దగ్గర సరిగ్గా లేదు," అంది, ఎటో చూస్తూ. "మూడో వీధి మలుపులో ఒకావిడ కుడతారు. వెళ్లండి."

"నా చొక్కాకేమైంది?"

"చెప్పలేను."

"చెప్పలేనంత ఘోరంగా ఉందా?"

"అబ్బా! వెళ్లమంటే వెళ్లండి. ఈరోజే." గొడుగు తెరవకుండానే వానలోకి వెళ్లిపోయింది.

అతనికి చిర్రెత్తుకొచ్చింది. ఇంటికొచ్చి తండ్రితో చెప్పుకున్నాడు. "నాలుగు రోజుల పరిచయానికి నా చొక్కాకి వంకలు పెడుతోంది."

"ఒకింటి మాట ఇంకోచోట చెప్పనని సంతకం పెట్టిందట. మొన్న నాతో అంది," అన్నాడు తండ్రి నిదానంగా. "ఆ వీధిలో కూడా సర్వే చేసే ఉంటుంది కదరా."

అతను చొక్కా కూడా మార్చుకోకుండా పరుగెత్తాడు.

కుట్టే ఆవిడ అతని ముఖం చూసి కత్తెర పక్కన పెట్టింది. "మీ అమ్మ పోలికే నీది, ఆవిడ కొడుకువి కదూ? రావాలనే అనుకున్నాను బాబూ. ఆవిడ దాచుకున్న సంగతి నేనెలా బయటపెట్టనని ఆగిపోయాను."

"మీకు సాయం చేసేదా, పిన్నీ?"

"సాయమా!" ఆవిడ పకపకా నవ్వింది. "నెలలో చివరి శనివారం మధ్యాహ్నం ఇద్దరం తిరగడానికి వెళ్లేవాళ్లం. పెడల్ బోటు తొక్కేవాళ్లం. ఐస్‌క్రీమ్ తినేవాళ్లం. ఒకసారి మీ అమ్మ టోపీ కొనుక్కుని గంటసేపు పెట్టుకుని నాకిచ్చేసింది. ఆ డబ్బుతో అవసరమైంది ఏదీ కొనకూడదు, నెలాఖరుకి ఒక్క పైసా మిగలకూడదు. అదే ఆవిడ రూలు. ఒకసారి నేను దారం కొనబోతే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేసింది!"

గోడకి తగిలించిన టోపీని అప్పుడు చూశాడతను. పసుపు రంగుది. నవ్వాడు. నవ్వుతూనే చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఇంట్లో చెబితే తండ్రి కళ్లు పెద్దవి చేశాడు. "పెడల్ బోటా? మీ అమ్మకి నీళ్లంటే భయం కదరా!" గొంతు బాగా తగ్గించి అన్నాడు. "పద్నాలుగు నెలలు దాచిపెట్టి ఎంత పొరపాటు చేశాంరా."

సోమవారం ఆమె గుమ్మంలో నిలబడింది. వాన లేదు. కళ్లద్దాలు తిన్నగా ఉన్నాయి.

"మీ ఇంట్లో బడ్జెట్ వేసుకుంటారా?"

"వేసుకుంటాం," అన్నారు ఇద్దరూ.

"దాని ప్రకారమే ఖర్చు పెడుతున్నారా?"

"వెనకబడ్డామండీ," అన్నాడతను. "శనివారం మధ్యాహ్నం మీరు ఖాళీయేనా? అవసరమైన పనేమీ లేదు."

ఆమె వేలు మళ్లీ గాల్లో ఆగింది. "ఇది సర్వేలో లేదే."

"లేదు. ఇది నా కోసం."

ఆమె తలొంచుకుని ట్యాబ్ మీద ఏదో నొక్కింది. చెవులు ఎర్రబడ్డాయి. "ఎంతుంది డబ్బాలో?"

"నాలుగు వేల రెండొందలు."

"ఒక్కసారే తీసేస్తే ఆవిడ లెక్క తప్పినట్టే. ఒక్కో శనివారానికి మూడొందలే కదా." లెక్క తెలిసినా వేళ్ల మీద నెమ్మదిగా లెక్కపెట్టింది. "పద్నాలుగు శనివారాలు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మళ్లీ వేసుకోవాలి మరి."

"అమ్మాయ్," లోపల్నుంచి తండ్రి గొంతు వీధి చివరిదాకా వినిపించింది, "వచ్చేటప్పుడు నాకో ఐస్‌క్రీమ్ పట్రండి. అవసరమేమీ లేదు!"