దారమంత బెరడు

"ఏదీ, నోరు తెరువు," అంది అత్త, కొమ్మతో.

కింద స్టూలు పట్టుకుని నిలబడ్డ మేనకోడలు ఉడత పకపకా నవ్వింది.

అత్త పళ్ల డాక్టరు. ఆ మధ్యాహ్నం క్లినిక్ మూసేసి, పళ్లు గీకే పాత పరికరాలు సంచిలో వేసుకుని నేరుగా పెరట్లోకి వచ్చేసింది. పేషెంట్లతో ఎలా మాట్లాడుతుందో చెట్లతోనూ అలాగే మాట్లాడుతుంది. మేడ మీద ఆమె వాటా నిండా బోన్సాయ్ చెట్లే. పళ్లెమంత తొట్టిలో జానెడు సరుగుడు చెట్టు, ఇంకో తొట్టిలో కాగితంలా బెరడు ఊడే చెట్టు. అన్నీ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన రకాలే.

పెరట్లో ఉన్న బాటిల్ బ్రష్ చెట్టుకీ పుట్టిల్లు ఆస్ట్రేలియానే. దాని ఎర్రటి పూలు అచ్చం సీసాలు కడిగే బ్రష్‌లలా ఉంటాయి. బడి నుంచి రాగానే ఆ చెట్టెక్కి కూర్చుంటుంది కాబట్టే ఆ పిల్లకి ఉడత అన్న పేరు వచ్చింది.

ఇప్పుడు ఆ చెట్టుకే గండం వచ్చిపడింది. దాని వేళ్లు మురుగు పైపులో దూరాయి. ప్లంబర్ వచ్చి చూసి పెదవి విరిచాడు.

"వానలు పడేలోగా చెట్టు తీయించెయ్యాలమ్మా. లేకపోతే నీళ్లన్నీ ఇంట్లోకే," అన్నాడు.

ఆ రోజు ఉడత ముద్ద ముట్టలేదు. అది చూసే అత్త ఈ ఉపాయం చెప్పింది.

"మొత్తం చెట్టుని కాపాడలేం. కానీ ఒక కొమ్మకి చెట్టు మీద ఉండగానే వేళ్లు పుట్టించొచ్చు. గాలి అంటు అంటారు దీన్ని. వేళ్లు వచ్చాక కోసి తొట్టిలో పెడదాం."

అత్త కొమ్మ చుట్టూ ఉంగరంలా బెరడు కోసి తీసింది. కింద ఉన్న పచ్చటి లోపలి బెరడుని గీకుతుండగా ఫోన్ మోగింది. ఎవరికో పన్ను నొప్పి.

"వెనక వైపు కొంచెం మిగిలింది, నువ్వు గీకు. పచ్చదనం ఒక్క పోగు కూడా ఉండకూడదు సుమా!" అని పరికరం చేతికిచ్చి వెళ్లింది.

ఉడత స్టూలెక్కి గీకడం మొదలుపెట్టింది. తెల్లటి చెక్క బయటపడుతుంటే ఆమె మనసు చివుక్కుమంది. 'మొత్తం తీసేస్తే పాపం దీనికి తిండి ఎలా అందుతుంది?' అనుకుంది. వెనకాల దారమంత బెరడు గీకకుండా వదిలేసింది.

"అంతా గీకేశావా?" అని వచ్చి అడిగింది అత్త.

"ఊఁ," అంది ఉడత, స్టూలు కేసి చూస్తూ.

అత్త తడిపిన నాచు చుట్టి, ప్లాస్టిక్ కవర్‌తో బిగించి, పైన వెండి కాగితం కప్పింది.

ఉడతకి జాలి కొంచెం ఎక్కువే. రోజూ పొద్దున్నే తమ్ముడు కాలు చాపి, "అక్కా, లేసు!" అంటాడు. ఉడత వంగి కడుతుంది.

"వాడికి చేతుల్లేవా?" అంటుంది అమ్మ.

"పాపం, చిన్నోడమ్మా."

ఆ చిన్నోడు మూడో తరగతి. సైకిల్ గొలుసు ఊడదీయగలడు, టీవీ రిమోట్ విప్పగలడు. లేసు మాత్రం రాదు.

ఆకాశంలో మబ్బులు కనబడే రోజు వచ్చింది. మర్నాడే చెట్టు కొట్టడానికి ప్లంబర్ మనుషుల్ని పిలిచాడు. అత్త కాగితం ఒలిచింది, కవర్ విప్పింది. నాచు ఎంత తడిగా పెట్టిందో అంత తడిగానే ఉంది. ఒక్క వేరు లేదు. కొమ్మ మాత్రం పచ్చగా, దర్జాగా ఉంది.

అత్త కొమ్మని తిప్పి చూసింది. దారమంత బెరడు ఇప్పుడు వేలంత లావైంది.

"అయ్యో, ఇక్కడ మిగిలిపోయింది! నేనే సరిగ్గా చూసుకోలేదు. ఇక కళ్లజోడు మార్చాల్సిందే," అంది అత్త దిగులుగా.

ఉడత ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ అత్త తన కళ్లజోడు తీసి పదే పదే తుడుచుకుంటుంటే చూడలేకపోయింది.

"నీ కళ్లు బాగానే ఉన్నాయి అత్తా. నేనే వదిలేశాను. ఆకలితో చచ్చిపోతుందేమోనని... గీకేశానని అబద్ధం చెప్పాను."

అత్త స్టూలు మీద చతికిలబడింది.

"పిచ్చిదానా, నీళ్లు లోపలి చెక్కలోంచి పైకి వస్తాయి. అందుకే కొమ్మ చావదు. ఆకులు వండిన తిండి బెరడులోంచి కిందికి దిగుతుంది. ఆ దారి మూసేస్తే తిండంతా అక్కడే ఆగి, కొత్త వేళ్లు పుడతాయి. నువ్వు దారి ఉంచావు. ఇక దానికేం తక్కువైందని వేళ్లేస్తుంది?"

"మళ్లీ కడదాం అత్తా!"

"రేపు చెట్టే ఉండదు కదే."

ఉడత ఏడవలేదు. చెప్పులైనా వేసుకోకుండా వీధి చివర ఉన్న ప్లంబర్ దగ్గరికి పరిగెత్తింది. ఆయన అంతా విని తల గోక్కున్నాడు.

"కొన్నాళ్లు ఆగాలంటే పెరటి పైపు మూసెయ్యాలి. బట్టలుతికిన నీళ్లన్నీ బకెట్లతో వీధి కాలవలో పోసి రావాలి. ఎవరు మోస్తారు?"

"నేను!"

అన్నట్టే మోసింది. రెండోసారి అంటు కట్టినప్పుడు, పెదవి కొరుక్కుంటూ ఉంగరం చుట్టూ తనే గీకింది. ఒక్క పోగు మిగల్చలేదు. వానల్లో కూడా బకెట్లు మోసి మోసి చేతులు కాయలు కాశాయి.

చివరికి ఒకరోజు కాగితం ఒలిస్తే, ప్లాస్టిక్ కవర్ లోపల తెల్లటి వేళ్లు! సేమియాలా అల్లుకుని కిక్కిరిసి ఉన్నాయి. ఉడత అత్తని కావలించుకుని గెంతింది.

కొమ్మ తొట్టిలోకి మారి చిగురు వేసింది. ఆ తర్వాతే పెద్ద చెట్టు నేలకొరిగింది. ఆ సాయంత్రం ఉడత బాగా ఏడ్చింది. ఏడ్చి, తొట్టిలో నీళ్లు పోసింది.

మర్నాడు పొద్దున్న స్కూలు వ్యాన్ హారన్ కొట్టింది. తమ్ముడు కాలు చాపాడు.

"అక్కా, లేసు!"

అలవాటు కొద్దీ ఉడత వంగింది. వరండాలో ఉన్న తొట్టి కంటబడింది. లేచి వెళ్లి మెట్టు మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టేసుకుంది.

"నువ్వే కట్టుకో."

"నాకు రాదు!"

"నేను చూస్తుంటాలే. కట్టు."

తమ్ముడు ముఖం మాడ్చుకున్నాడు. కట్టాడు, ఊడింది. అక్క వైపు దీనంగా చూశాడు. ఉడతకి చేతులు దురదపెట్టాయి. అయినా కదల్లేదు. వాడు గొణుక్కుంటూ మళ్లీ మొదలుపెట్టాడు.

బయట హారన్ ఇంకోసారి మోగింది. ఉడత గేటు దగ్గరికి పరిగెత్తి, వ్యాన్‌కి అడ్డంగా నిలబడింది.

"కాస్త ఆగండి అంకుల్! మా తమ్ముడు లేసు కట్టుకుంటున్నాడు!"