మూడు దినాల జొరం

పాల కేంద్రంలో పాలు పోసి ఖాళీ క్యానుతో ఇంటికొచ్చిన తులసమ్మకు, పంచలో కాగితాలు సర్దుకుంటున్న కూతురు కనబడింది. తల్లిని చూడగానే సుష్మ పైకాగితాన్ని బోర్లించింది. తులసమ్మ క్యాను కింద పెట్టి దగ్గరికొచ్చింది.

"ఏందే అది, నేను సూడకూడనిది?"

"ఏం లేదు మా. కాలేజీ పనే."

కుప్పంలో పీజీ చదువుతున్న సుష్మ, వారంగా పుంగనూరు పక్కనున్న ఈ సొంతూళ్లో ఇల్లిల్లూ తిరుగుతోంది. కరోనా నాడు పల్లెజనానికి వైద్యం ఎందుకందలేదన్నది ఆమె పరిశోధన. ఊరందరినీ అడిగింది. సొంతింట్లో మాత్రం ఒక్క మాటా అడగలేదు. తులసమ్మ అనుమానమంతా అక్కడే. దొంగను పట్టేవాళ్లు ముందు ఇరుగుపొరుగునే కదా విచారించేది!

నాలుగేండ్ల కిందట, ఆ కరోనా నాడే, తులసమ్మ మొగుడు గోపాలస్వామి పోయినప్పుడు, సుష్మ మదనపల్లెలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. "మీ నాయనకు ఒక్కపూట జొరం, అంతే, గుండె ఆగిపోయింది" అని చెప్పింది తులసమ్మ. ఆ మాట అబద్ధమని తెలిస్తే, ఈ పిల్ల మళ్లీ తన చేతి కూడు తింటుందా?

"పక్కింటి మునెమ్మ కాడికి పోయినావంట?" మెల్లగా కూపీ తీసింది.

"పోతే తలుపేసేసింది. 'మా ఆయన కామెర్లతో పోయినాడు, పోమ్మా' అనింది."

"నా గురించేమన్నా సెప్పిందా?"

సుష్మ తలెత్తింది. "నీ గురించి సెప్పేదానికి ఏముండాది మా?"

తులసమ్మ ఇక ఆగలేకపోయింది. కాగితం లాక్కుంది. తన ఐదో తరగతి చదువుతో అక్షరాలను కూడబలుక్కుంది. 'రోగి: తండ్రి. ఆస్పత్రికి చేర్చడంలో ఆలస్యం: మూడు రోజులు. కారణం:' ఆపైన ఖాళీ.

"మూడు దినాలని ఎవురు సెప్పినారే నీకు? ఆ మునెమ్మేనా?"

"నాయనే. అంబులెన్సులో నుంచి ఫోన్ చేసినాడు. 'మూడు దినాలుగా జొరం పాపా, మీయమ్మను ఏమీ అనొద్దు' అనినాడు."

తులసమ్మ కాగితాన్ని కూతురి ఒళ్లోకి తోసి కూర్చుంది.

"నాలుగేండ్లుగా తెలిసే ఉండాదా నీకు? అయితే రాసుకో! నేనే సంపినానని రాసుకో! మన ఈదిలో చిన్నస్వామికి కరోనా అని ఇంటికి ఎర్రరిబ్బన్ కట్టినాక, కేంద్రంలో వాళ్ల పాలు పోసుకోలా. ఆయన పెండ్లాం కాలవలో పారబోస్తావుంటే కండ్లారా సూసినాను. మనకుండేది రెండావులు. రెండు దినాల్లో తగ్గిపోతాదిలే అనుకుంటి..."

"నువ్వొక్కదానివే అనుకుంటివా? పదకొండిండ్లల్లో నా సెవిలో సెప్పినారు మా. అందరిదీ ఒకే మాట, 'మేమొక్కరిమే దాసినాం పాపా, ఎవురికీ సెప్పొద్దు' అని. దాయకుండా ఫోన్ చేసినోళ్లకు మాత్రం ఏమైంది? అంబులెన్సు వచ్చేసరికి తెల్లారి మళ్లీ పొద్దుగూకింది. బస్సు లేదు, దగ్గర్లో డాక్టరు లేడు. జొరమొస్తే కూడు పోయేటట్టు పెట్టి, యాల దాసినారని అడిగితే ఎట్ల?"

"మరి నన్ను యాల అడగలేదే?"

"నువ్వే సెప్తావని కాసుకోని ఉండాను."

తులసమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. నేరుగా మునెమ్మ వాకిట్లోకి నడిచింది. సుష్మ వెనకాలే వెళ్లింది.

"మునెమ్మా, నేనే, తులసమ్మను. మా ఆయనకు జొరమొస్తే మూడు దినాలు దాసినాను మే. నా నోటితో నేనే సెప్పేదానికి వచ్చినాను."

లోపల గొళ్లెం తీసిన చప్పుడైంది.

"నాకు ఆ పొద్దే తెలుసక్కా," అంది మునెమ్మ, తలుపు పట్టుకుని. "మీ గడ్డి కోసే మిషను గడ్డి లేకుండా తిరిగితే నాకు తెలీదా? దగ్గు ఇనబడకుండా తిప్పతాండావనుకుంటి." ఆమె తలుపు పూర్తిగా తీసింది. "వారం తిరక్కుండా మా ఆయనకూ దగ్గు పట్టుకున్నాది. నేనూ మిషనే తిప్పినాను."

తులసమ్మ గడప దాటి ఆమెను పట్టుకుంది. ఆ పొద్దు ఇద్దరూ, వీధంతా వింటే విననీ అన్నట్టు, తమ మొగుళ్ల కోసం మొదటిసారి గొంతెత్తి ఏడ్చారు.