ఐసు డబ్బా

పద్మారావు నగర్‌లోని ఆ రెండు గదుల ఇల్లు రోజూ కత్తులు నూరే చప్పుడుతోనే నిద్ర లేచేది. ఇప్పుడు కుక్కర్ విజిల్ ఒక్కటే వినిపిస్తోంది. జంగయ్య కత్తుల సంచిని అటక మీద పడేశాడు. మేకలు కోసే కబేళాలో ఆయన పక్కనే పనిచేసే కొడుకు పురుషోత్తానిది ఎడమచేతి వాటం. కత్తి జారి కుడి బొటనవేలు తెగిపోయింది. ఆనాటి నుంచి జంగయ్య పనికి పోలేదు.

కమలాబాయి కొడుకు ముందు పప్పన్నం పెట్టింది. పురుషోత్తం కట్టు కట్టిన చేతిని ఒళ్లో దాచుకుని, ఎడమచేత్తో చెంచా పట్టుకున్నాడు. చెంచాతో తినే అలవాటు లేక సగం మెతుకులు చొక్కా మీదే పడ్డాయి.

"చిలకలగూడ కాడ ట్రాఫిక్ లేకుంటే నా వేలు అతుకుతుండె అమ్మా. ఆ ఆటోవోడు సుత గంత నిదానంగ నడిపిండు," అని విసుక్కున్నాడు.

గోడకు ఆనుకుని కూర్చున్న జంగయ్య తల వంచుకున్నాడు. అది చూసి కోడలు భవానికి ఒళ్లు మండింది. మొగుడు బాధపడతాడని డాక్టరు మాటను ఇన్నాళ్లూ కడుపులో దాచుకుందామె. పాపం, ఆ ఆటోవాడు మాత్రం ఏం చేశాడు?

"ట్రాఫిక్ కాదు, ఏం కాదు! చెప్పు మామా, ఇంకెన్ని దినాలు నోరు మూసుకుంటవ్? తెగిన వేలును ఏం చుట్టకుంట ఉత్తగనే ఐసుల పెట్టినవ్. చలికి చచ్చిపోయింది, ఇగ అతకదని డాక్టర్ మనిద్దరితోని అన్నడు గద!"

"భవానీ, ఊకో!" అంది కమలాబాయి.

"ఎట్ల ఊకోవాలె అత్తమ్మా? ఆయన బతుకంత గిట్లనే తినాలె గద!"

జంగయ్య కొడుకు చేతి కట్టు వైపు చూశాడు.

"పొద్దుగాల కోసిన మాంసం పొద్దుమీకేదాంక ఐసులనే పెడ్తం గద బిడ్డా," అన్నాడు. "గట్లనే తాజాగ ఉంటదనుకున్న. ఆటోల ఆ ఐసు డబ్బ ఒళ్లె పెట్టుకున్న. సల్లగ తగుల్తుంటే వేలు బతికే ఉందని దేవునికి మొక్కిన. నా బిడ్డ వేలును నేనే చంపుకున్న."

పురుషోత్తం చెంచా వదిలేశాడు. కోపం వచ్చింది. ఎందుకు రాదు? పోయింది అన్నం తినే చేతి వేలు. కానీ ఆటోలో ఒక చేత్తో తన గాయాన్ని అదిమి, ఇంకో చేత్తో ఆ డబ్బాను పొదివి పట్టుకున్న తండ్రి గుర్తొచ్చాడు. మాంసం ఐసులో పెట్టడం తనకు నేర్పిందీ ఆ చేతులే.

"నీ వేలు తెగుంటే నేను సుత గట్లనే పెడ్తుంటి నాయినా," అన్నాడు.

జంగయ్య భోరుమన్నాడు. భవానికీ ఏడుపు ఆగలేదు. కాసేపటికి కళ్లు తుడుచుకుని మామ పక్కన కూర్చుంది.

"ఇంకొకలకు గిట్ల కావొద్దని డాక్టర్‌ను అడిగిన మామా. తెగినదాన్ని ముందుగాల తడిపిన సాఫ్ గుడ్డల చుట్టాలె. కవర్ల పెట్టి మూతి గట్టిగ కట్టాలె. ఆ కవర్‌నే ఐసుల పెట్టాలె. వేలుకు ఐసు తగలొద్దు."

జంగయ్య చేతులు కడుక్కొచ్చి కొడుకు కంచం దగ్గరికి లాక్కున్నాడు. ముద్ద కలిపి పురుషోత్తం నోటికి అందించాడు.

"ముందుగాల తడిగుడ్డ," అన్నాడు. ఇంకో ముద్ద పెట్టాడు. "ఆ తర్వాత కవర్."

మూడో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఐసు అనే మాట ఆయన నోట రాలేదు.