నీలం తిరిగిన ఎర్రనీళ్లు

ఆవునెయ్యి అని అమ్మేదంతా ఆవునెయ్యేనా అన్న అనుమానం జగన్నాధాన్ని పదకొండేళ్లుగా వదల్లేదు. కూతురికి విషజ్వరం తగ్గితే శ్రీకూర్మంలో ఆవునేతి దీపం పెడతానని మొక్కుకున్నాడు. జ్వరం తగ్గింది. దీపం మాత్రం వెలగలేదు. ఏ డబ్బా మూత తీసినా, ఇది స్వామి ముందు పెట్టదగినదేనా అని చెయ్యి వెనక్కి వచ్చేది.

ఆయన విజయనగరంలో ప్రైవేట్ డిటెక్టివ్ నరసింగరావుకు సహాయకుడు. 2016లో ఒక ఉదయం, రాజాం దగ్గర పాలు పోసుకుని బతికే గున్నమ్మ వాళ్ల ఆఫీసు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“నా పాలల్లో ఏదో పొడి కలిపీసినానంట బావూ! కాలేజీ హాస్టలుకి తేవొద్దన్నారు. ఊర్లో మొకమెత్తుకోనేకపోతన్నాను. ఆ పాల మీదే బతుకుతన్నాం, నేనూ మా అత్తా.”

మధ్యాహ్నానికి నరసింగరావు, జగన్నాధం రాజాంలోని ఆ కాలేజీకి వెళ్లారు. పాలు పరీక్షించిన లెక్చరరు ప్రమోద్ ఎర్రనీళ్లున్న గాజు గొట్టం చూపించాడు.

“ఇందులో ఇనుప నలుసులకు బంగారు పూత పూశాం సార్. కంటికి కనపడవు. అయస్కాంతం పెడితే ఓ పక్కకు చేరతాయి. విడివిడిగా ఉన్నంతసేపు నీళ్లు ఎర్రన. మెలమైన్ అనే కల్తీ పొడి తగిలితే గుంపుకట్టి నీలమవుతాయి. మొన్న ఆవిడ పాలు పడగానే నీలమయ్యాయి.”

“ఇంకేది తగిలినా గుంపు కట్టవా?” అడిగాడు నరసింగరావు.

ప్రమోద్ తడబడ్డాడు. “పది ఇళ్ల పాలు చూశాను సార్. దేనికీ కట్టలేదు.”

“ఆవిడ పాలు మీ చేత్తోనే పట్టారా?”

“వాళ్లింటి దగ్గరే, నా సీసాలోనే. ఎంత చిక్కటి పాలో అని మెచ్చుకున్నాను కూడా. మూత మాత్రం వాళ్ల అత్తగారు పెట్టి ఇచ్చింది.”

అక్కణ్ణించి గున్నమ్మ ఇంటికి వెళ్లారు. నరసింగరావు దూడ మెడ నిమిరి, “ఎంత ముద్దుగా ఉందో!” అన్నాడు.

గున్నమ్మ అత్త జగ్గమ్మ గబుక్కున లేచింది. “ఏటి బావూ, అలగ అనీసినావు?” అంటూ గుప్పెడు ఉప్పు దూడ చుట్టూ తిప్పి పొయ్యిలో పారేసింది. ఉప్పు చిటపటలాడింది. నరసింగరావు కళ్లు మెరిశాయి. ఎందుకో జగన్నాధానికి అంతుపట్టలేదు. అయినా పుస్తకంలో ‘ఉప్పు’ అని రాసుకున్నాడు.

మర్నాడు నరసింగరావు ఆ వాకిట్లోనే అందరినీ కూర్చోబెట్టాడు. హాస్టల్ వార్డెన్ శైలజ, ప్రమోద్ సీసా పట్టిన రోజే గున్నమ్మ పోసిన క్యాను పాలు ఫ్రిజ్‌లోంచి తెచ్చింది. ప్రమోద్ వాటిని వడకట్టి ఎర్రనీళ్లలో కలిపాడు. ఎర్రగానే ఉన్నాయి. అవే పాలలో ఉప్పు కరిగించి మరో గొట్టంలో పోశాడు. చూస్తుండగానే నీలం తిరిగాయి.

“క్యానులో లేనిది సీసాలోకి ఎలా వచ్చింది? జగ్గమ్మగారూ, ఆయన మెచ్చుకున్నాక సీసాలో ఏం వేశారు?” అన్నాడు నరసింగరావు.

“ఎయ్యనేటి మరి? నాలుగు ఉప్పుకల్లు. అంతలాగ పొగిడిన పాలు ఉత్తినే గడప దాటితే ఆవు ఒట్టిపోదేటి?”

“ఓలమ్మో! సెప్పొచ్చు కదే అత్తా!”

“పొడి కలిపినావా అనడిగినారు. ఉప్పేసినావా అని ఎవులడిగినారే?”

ప్రమోద్ చేతులు జోడించాడు. “ఉప్పుకీ గుంపు కడతాయని నాకు తెలుసమ్మా. అది చూసుకోకుండా నింద వేశాను.”

“రేపటి నుంచి పాలు పంపు గున్నమ్మా,” అంది శైలజ. ఆ మాట నలుగురిలోనూ అంది.

అందరూ లేస్తుంటే జగన్నాధం మొహమాటంగా అడిగాడు. “అమ్మా, దీపానికి కాస్త నెయ్యి ఉంటుందా?”

గున్నమ్మ గిన్నె నిండా తెచ్చింది. “పరీచ్చ సెయ్యరా బావూ?”

“అక్కర్లేదమ్మా.”

అంతలో జగ్గమ్మ గుప్పెట మూసుకుని వచ్చింది. “చుట్టూ తిప్పమ్మా, లోపల మాత్రం వెయ్యకు!” అని జగన్నాధం గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టాడు. వాకిలంతా నవ్వింది.

సాయంత్రం శ్రీకూర్మంలో ఆ నేతి దీపం చిటపటమనకుండా నిదానంగా వెలిగింది. అది కొండెక్కే దాకా జగన్నాధం అక్కడే కూర్చున్నాడు.